నాన్న అడుగుతున్న ఇల్లు

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేర్లూ, ఊరి ఆనవాళ్ళూ తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు 48 ఏళ్ళు, బ్యాంకులో ఉద్యోగం. తల్లి పోయాక 79 ఏళ్ళ తండ్రి ఆమె దగ్గరే ఉంటున్నారు. ఆయన రిటైరైన బడిపంతులు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ చదువు రానివాళ్ళకి ఉత్తరాలు చదివిపెట్టి, జవాబులు రాసిపెట్టేవారట. కువైట్ నుంచి వచ్చేవి కూడా. రెండేళ్ళుగా ఆయనకు మతిమరుపు మొదలైంది. దీపాలు పెట్టే వేళకి చొక్కా తొడుక్కుని, చేతిసంచీ పట్టుకుని, "ఇంటికి పోదాం పదమ్మా, చీకటి పడితే పంటు దొరకదు" అంటారు. పంటంటే గోదావరి దాటించే పడవ. ఉంటున్నది కూకట్‌పల్లిలో, నాలుగో అంతస్తులో.

ఆయన అడిగే ఇల్లు అమలాపురం వైపు ఒక పల్లెలో ఉన్న మండువా లోగిలి. ముత్తాత కట్టించింది. సింహద్వారం మీద 1921 అని చెక్కి ఉంటుందట. 1986లో ఈమె పెదనాన్న దాన్ని అమ్మేశారు. నాన్నా సంతకం పెట్టారు గానీ ఎందుకు పెట్టారో ఎప్పుడూ చెప్పలేదు. మళ్ళీ ఆ ఊరికి వెళ్ళనూ లేదు. కొన్నది ఆ ఇంట్లోనే పాలేరుగా చేసినాయన కుటుంబం. ఆయన భార్య కువైట్‌లో ఇంటిపని చేసి పంపిన డబ్బుతో కొన్నారు. ఆవిడ తిరిగొచ్చి ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్నారు. ఇక్కడి నుంచి ఆమె మాటల్నే ఉంచుతున్నాను:

"అతనికి యాభై అయిదు దాటి ఉంటాయి. కొడుకు పెళ్ళి పెట్టుకున్నాడట. ఈ వేసవిలో ఇల్లు పడగొట్టి డాబా వేస్తాడట. తెలిసినప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. మా ఇంటిని పడగొట్టడానికి వాడెవడు అని కోపం కూడా వస్తోంది."

డాలస్‌లో ఉన్న పెదనాన్న కొడుకు సంక్రాంతికి వస్తున్నారు. అందరం కలిసి ఆ ఇంటికి వెళ్దాం, డ్రోన్‌తో వీడియో తీయిద్దాం, ఇవ్వనంటే ఇవ్వడు గానీ అడిగి చూద్దాం, స్తంభాలూ సింహద్వారమూ కొనేద్దాం అంటున్నారు. కాకినాడలో ఉన్న 84 ఏళ్ళ మేనత్త మాత్రం మండిపడుతున్నారు. "మన గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్ళ ఇంటికి మనం వెళ్ళి నిలబడాలా? అయినా నా సంతకం లేకుండా అమ్మారు. నా వాటా ఇంకా అలాగే ఉంది" అంటున్నారు.

ఈమె అడుగుతున్నది: "నాన్నని తీసుకెళ్ళనా, వద్దా? చూస్తే కుప్పకూలిపోతారేమో. చూపించకపోతే ఈ బెంగతోనే పోతారేమో. అసలు అతన్ని ఏమని అడగాలి?"

మీకు నా జవాబు.

ముందు ఒక చిన్న మాట, తప్పుగా అనుకోకండి. మీ ఉత్తరంలో డాక్టరు "ఆయన", డాలస్ అన్నయ్య "ఆయన". మీకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్దయిన ఆ ఇంటి యజమాని మాత్రం ఆరు పేజీల్లోనూ "అతను", ఒకచోట "వాడు". కావాలని రాయలేదని తెలుసు. చిన్నప్పుడు ఇంట్లో విన్నదే కలంలోకి వచ్చింది. కానీ ఆ గుమ్మం ముందు మీరు నిలబడ్డ మొదటి నిమిషంలో నోటి నుంచి ఏది వస్తుందో, మిగతా పూటంతా దాన్నిబట్టే నడుస్తుంది. అందుకని ఈరోజు నుంచే, మీలో మీరు మాట్లాడుకునేటప్పుడు కూడా, ఆయన పేరు చివర "గారు" పెట్టండి. నోరు తిరగడానికి కొన్నాళ్ళు పడుతుంది.

ఇక నాన్నగారి సంగతి. మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ళలో చాలామంది ఈ "ఇంటికి పోదాం" అనే మాట అంటారు. పుట్టి పెరిగిన ఇంట్లోనే కూర్చుని కూడా అంటారు. పొద్దువాలే వేళకి గందరగోళం ఎక్కువ కావడం ఈ జబ్బులో మామూలే. వాళ్ళు వెతుక్కునేది ఒక్కోసారి ఆ గోడల్ని కాదు, అమ్మ వంటింట్లో తిరుగుతూ ఉండిన రోజుల్ని. అందువల్ల అమలాపురం వెళ్ళొచ్చిన మర్నాటి సాయంత్రమే ఆయన మళ్ళీ చొక్కా తొడుక్కోవచ్చు. "చూపించాను కదా నాన్నా" అని మీకు ఏడుపొస్తుంది. ఇల్లు చూపిస్తే బెంగ తీరిపోతుందన్న ఆశతో మాత్రం బయల్దేరకండి. (బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించే ఉంటారు. లేకపోతే డాక్టర్ని అడగండి. వాటి లోపం వల్ల కూడా మతిమరుపు వస్తుంది, దానికి మందుంది.)

అయినా వెళ్ళొద్దని నేననను. వెళ్ళాలా వద్దా తేలేలోపు ఒక పని మొదలుపెట్టండి. ఆయనకు కాస్త తెలివిగా ఉండే పొద్దుటి పూట ఒక తెల్లకాగితం, పెన్సిలు ఇచ్చి ఆ ఇల్లు గీయమనండి. నిన్నటి సంగతి పోయినా అరవై ఏళ్ళ కిందటిది నిలిచి ఉండటం మీరూ చూసే ఉంటారు. పంతులుగారు కదా, గీస్తూ పాఠం చెబుతారు. వాన పడితే నాలుగు వైపుల చూరు నీళ్ళూ మండువాలోకి పడి ఏ తూము గుండా పోయేవి? గాదె ఏ గదిలో ఉండేది? వీధి అరుగు మీద ఎవరు కూర్చునేవారు, ఎవరు కిందే నిలబడేవారు? ఈ ఆఖరి ప్రశ్న తప్పకుండా అడగండి. ఫోనులో రికార్డు చేసుకోండి. ఇల్లు ఉన్నా పోయినా ఇది మీ దగ్గర ఉంటుంది. ఒక్కోసారి సాయంత్రం చొక్కా తొడుక్కున్నప్పుడు ఆ కాగితం ముందు పెడితే ఆయన సంచీ పక్కన పెట్టేయనూవచ్చు.

ఆయన కుప్పకూలిపోతారేమోనని మీ భయం. నాకు అంతకన్నా ఎక్కువ భయం వేసేది ఇంకొకటి ఉంది. ఆయన ఆ ఇంట్లోకి అడుగుపెట్టగానే నలభై ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోయి, ఎదురొచ్చిన యజమానిని ఆయన తండ్రి అనుకుని, "ఒరేయ్, గేదెలకి కుడితి పెట్టావురా?" అంటే? వాళ్ళ కోడళ్ళ ముందు, మనవల ముందు? నాన్నగారి తప్పు లేదు, అది జబ్బు. కానీ ఆ మాట పడేవాళ్ళకి అది జబ్బులా వినబడదు. వాళ్ళ నాన్న జీవితమంతా విన్న పిలుపు అది. దాన్నుంచి బయటపడటానికే ఒక తల్లి పిల్లాడిని వదిలిపెట్టి కువైట్ వెళ్ళి పరాయి ఇళ్ళ అంట్లు తోమింది. ఆ ఇల్లు మీ వంశానికి గుర్తు అంటున్నారు మీరు. వాళ్ళకి అది ఆవిడ సంపాదన.

కాబట్టి ఈ విషయం ముందే, ఫోన్లోనే చెప్పాలి. "నాన్నగారికి మతిమరుపండీ. ఏ కాలంలో ఉన్నారో ఆయనకే తెలియదు. పాత అలవాటుకొద్దీ ఏదైనా అనేస్తే మిమ్మల్ని క్షమించమని ఇప్పుడే అడుగుతున్నాను. ఇష్టం లేకపోతే మొహమాటం లేకుండా వద్దనండి" అని. జరిగాక చెప్పే సారీ వేరు. అప్పుడు వాళ్ళు తల ఊపడం తప్ప ఏం చేయగలరు? ముందే చెబితే వద్దనే హక్కు వాళ్ళ చేతిలో పెట్టినట్టు. వద్దంటే వద్దే. కారణం అడగొద్దు.

ఇంటివాళ్ళ వైపు నుంచి ఇలాంటిది ఎలా ఉంటుందో నాకు కొంచెం తెలుసు. విజయనగరంలో మేమొక పాత ఇల్లు కొనుక్కుని పాతికేళ్ళయింది. ఒక ఆదివారం మధ్యాహ్నం కారొకటి ఆగింది, ఆరుగురు దిగారు. "మా తాతగారిల్లండీ, ఒక్కసారి చూసిపోతాం" అన్నారు. నేను తలకి నూనె పెట్టుకుని ఉన్నాను, మంచం నిండా మడత పెట్టని బట్టలు. ఎలా కాదంటాం? వాళ్ళబ్బాయి ఫోనెత్తి మా పడగ్గది కూడా వీడియో తీశాడు. కోడలు, "అయ్యో, ఎర్ర గచ్చు తీసేసి టైల్స్ వేసేశారా!" అంది. పెద్దాయన మాత్రం తిన్నగా వెనక గదిలోకి వెళ్ళి, గోడగూట్లో చెయ్యి పెట్టి, "మా అమ్మ నా గోళీలు ఇక్కడే దాచేసేది" అని నవ్వారు. వెళ్తూ, "ఇల్లు చల్లగా ఉంచారమ్మా" అన్నారు. ఆయన మాట ఇప్పటికీ గుర్తుంది. నిజం చెప్పొద్దూ, కోడలి మాట ఇంకా బాగా గుర్తుంది. ఆ టైల్స్ మీద మూడు రోజులు దొంగలా నడిచాను, నా డబ్బులతో వేయించుకున్నవే అయినా.

ఇల్లు పడగొడుతున్నారని మీకొచ్చిన కోపానికీ ఇదే నా జవాబు. గూన పెంకు ఇంటికి ఏటా వానలకు ముందు పెంకులు సర్దించాలి. ఆ పని తెలిసినవాళ్ళు దొరకడమే కష్టం. వాసాలకి చెదలు, మండువాలో పాచి, డెబ్భై అయిదేళ్ళ మనిషి రాత్రి లేచి అటు నుంచి ఇటు దాటాలంటే గండం. కొత్తకోడలికి ఒక గది, దానికో బాత్‌రూమ్ కావాలి. మనం లిఫ్టున్న ఫ్లాట్లలో ఉంటూ, మన జ్ఞాపకాల కోసం వాళ్ళని ఆ పెంకుల కింద ఉండమనడం న్యాయం కాదు. బాధ పడండి, అది మీ హక్కే. కానీ ఆ బాధని వాళ్ళ గుమ్మం దాకా తీసుకెళ్ళకండి.

ఇంకో సంగతి. అమ్మినవాళ్ళ వారసులు ఇన్నేళ్ళ తర్వాత ఫోన్ చేస్తే, అందులోనూ ఇల్లు పడగొట్టబోయే ముందు చేస్తే, ఎవరికైనా మొదట వచ్చే అనుమానం "వాటా అడగడానికేమో" అని. అక్కడ మీ అత్తయ్యగారి మాట ఎవరి ద్వారానో ఆ ఊరికి చేరి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. అందుకని ఆ లెక్క ముందు మీలో మీరు తేల్చుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లకి ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. మీది 1986 కాబట్టి కనిపించాలి. దస్తావేజు నకలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకోవచ్చు. ఎవరెవరు సంతకం పెట్టారో, ఎంతకు అమ్మారో అందులో ఉంటుంది. కూతుళ్ళకి సమాన వాటా ఇస్తూ 2005లో వారసత్వ చట్టాన్ని మార్చారు నిజమే. కానీ 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన అమ్మకాలను అది కదపదని ఆ చట్టంలోనే రాసి ఉంది. స్వాధీనం కోసం దావా వేయడానికి మామూలుగా ఉండే గడువు కూడా 12 ఏళ్ళే. అనుమానముంటే కాగితాలు ఒక లాయరుకి చూపించండి. నాకు తెలిసినంతలో అత్తయ్యగారికి అక్కడ వాటా మిగిలి లేదు.

ఇది ఆవిడకి చెప్పేటప్పుడు మాత్రం చట్టం చదివి వినిపించి ఊరుకోకండి. ఆవిడ ముగ్గురు పిల్లల పురుళ్ళూ ఆ ఇంట్లోనే జరిగాయని మీరే రాశారు. తమ్ముళ్ళిద్దరూ కూర్చుని అమ్మేసుకున్నారు, ఆవిడతో ఒక్క మాటా అనలేదు. వాటా అంటున్నది అందుకే అయి ఉంటుంది. వాళ్ళ మీద పోలేని కోపం కొన్నవాళ్ళ మీదికి పోతోంది. "నిన్ను అడక్కుండా అమ్మడం తప్పే అత్తయ్యా" అని ఎవరో ఒకరు ఆవిడతో అనాలి. పెదనాన్నగారు లేరు, నాన్నగారికి గుర్తుండదు. ఇక మిగిలింది మీరే. ఆ తర్వాత కూడా ఆవిడ వెళ్ళొద్దనవచ్చు. అననివ్వండి. ఎనభై నాలుగేళ్ళ మనిషి మనసు ఈ సంక్రాంతికి మారాలని పట్టు పట్టకండి. కానీ మీతో పాటు రాకుండా మాత్రం చూడండి.

డాలస్ అన్నయ్య సంగతి. తండ్రి అమ్మినదాన్ని కొడుకు తిరిగి తేవాలనుకుంటున్నారు. అందులో ఉన్న బాధ నాకర్థమైంది. అయితే ఆయన పనీ నాన్నగారి పనీ ఒకే కారులో వెళ్ళకూడదు. మతి తప్పిన పెద్దాయన ఒక పక్క, పైన డ్రోన్ మోత, ఇంకో పక్క స్తంభాల బేరం. ఆ ఇంటివాళ్ళు మిమ్మల్ని ఏమనుకోవాలి? చూడటానికొచ్చారా, కొనడానికొచ్చారా? పైగా సంక్రాంతి. ఆ మూడు రోజులూ కోనసీమలో గది దొరకదు, కనుమ నాడు ప్రభల తీర్థం, రోడ్డంతా జనం. అన్నిటికీ మించి ఆ పండక్కి ఆ ఇంటికి వాళ్ళ ఆడపడుచులూ అల్లుళ్ళూ వస్తారు. పండగ పూట పాత యజమానులు వీధిలో దిగితే ఏం బాగుంటుంది?

స్తంభాలూ తలుపూ అడగడం తప్పేమీ కాదు. పాత ఇళ్ళ కలప అమ్ముడుపోతూనే ఉంటుంది. కారైకుడిలో చెట్టినాడు ఇళ్ళ తలుపులూ స్తంభాలూ అమ్మే దుకాణాలే వరసగా ఉన్నాయి. కానీ మీరు వెళ్ళొచ్చాక, వేరేగా, అన్నయ్యే ఫోన్ చేసి, బజారు ధరకి అడగాలి. "మావే కదా" అనే మాట రాకూడదు. డాలస్ తీసుకెళ్దామనుకుంటే మాత్రం ఆగమనండి. వందేళ్ళు దాటిన చెక్కడపు పనిని, కట్టడం నుంచి ఊడదీసినదైనా సరే, సొంతంగా దేశం దాటించడానికి 1972 నాటి పురావస్తువుల చట్టం ఒప్పుకోదు. ఆ తలుపు మీద ఏడాది కూడా చెక్కి ఉందాయె. ఇక్కడే ఎక్కడైనా పెట్టుకుంటామంటే ఆ చిక్కు లేదు. ఏదీ కొనకుండా, యజమాని ఒప్పుకుంటే, పడగొట్టేలోపు ఒక ఆర్కిటెక్చర్ కాలేజీ పిల్లల చేత కొలతలు తీయించి బొమ్మలు గీయిస్తే అదీ మంచి పనే. అన్నయ్య డబ్బు దానికి పెడితే నేను సంతోషిస్తాను.

ఇక వెళ్ళడం. నా మనసు ఎటు మొగ్గుతోందో చెబుతాను, తేల్చుకోవలసింది మీరు. మొదట మీరొక్కరే వెళ్ళి రండి. జనవరి చివర్లో ఒక శనివారం, రాజమండ్రి దాకా రైలు, అక్కడి నుంచి రావులపాలెం మీదుగా కారు. ఇల్లు ఎలా ఉందో, మనుషులెలా ఉన్నారో మీ కళ్ళతో చూస్తే సగం టెన్షన్ పోతుంది. వాళ్ళు సరేనంటే నాలుగు ఫోటోలు తీసుకుని నాన్నగారికి చూపించండి. ఆయన వాటితోనే తృప్తి పడితే రెండో ప్రయాణం అక్కర్లేదు. దీనిలో నష్టం ఏమిటంటే, వేసవి దగ్గర్లోనే ఉంది, నాన్నగారి జ్ఞాపకమూ రోజురోజుకీ తగ్గుతోంది. రెండోసారికి ఏదో ఒకటి మిగలకపోవచ్చు.

నేరుగా ఆయన్నే తీసుకెళ్తానంటే పొద్దుటి పూట వెళ్ళండి, అరగంట చాలు. మీరూ ఆయనా, తోడు ఇంకొకరు. పది గంటలకి గుమ్మంలో ఉంటే పన్నెండుకి ఊరు దాటేయాలి. సాయంత్రం దాకా ఉంటే ఆయన రానని మొండికేస్తే మీరేం చేయలేరు. అమలాపురంలో రాత్రి బసకి గది ముందే చూసుకోండి. వచ్చిన రోజే తిరుగు ప్రయాణం ఆయన వయసుకి వద్దు.

ఇంట్లోకి వెళ్ళకుండా ఊరు మాత్రం చూపిద్దామని కూడా మీకు అనిపించవచ్చు. కాలవగట్టు, బడి, శివాలయం. పట్నంలో అయితే అది మర్యాదే. పల్లెలో అలా కాదు. మీరు వచ్చారన్న వార్త మీకన్నా ముందు ఆ ఇంటికి చేరుతుంది. "ఊరొచ్చి మా గుమ్మం ఎక్కకుండా పోయారు" అనే మాట మిగులుతుంది. ఎందుకు ఎక్కలేదో ఎవరికి తోచిన కారణం వాళ్ళు చెప్పుకుంటారు. ఆ కారణం ఏమై ఉంటుందో మీకూ తెలుసు.

లోపలికి వెళ్తే మాత్రం వాళ్ళిచ్చిన మంచినీళ్ళు తాగండి. కాఫీ ఇస్తే తాగండి, భోజనానికి లేవమంటే లేవండి. "ఇప్పుడే తిన్నామండీ", "షుగరండీ" అనేవి వేరే ఇళ్ళలో మామూలు మాటలు. ఆ ఇంట్లో వాటికి అర్థం మారిపోతుంది. పళ్ళూ, ఒక స్వీటు పొట్లం తీసుకెళ్ళండి, చుట్టాలింటికి వెళ్ళినట్టు. నాన్నగారి చేత పిల్లల చేతుల్లో నోట్లు పెట్టించకండి. ఒకప్పుడు ఆ అరుగు మీద నుంచి పండక్కి అలాగే ఇచ్చి ఉంటారు.

ఈలోపే ఇల్లు పడగొట్టేస్తే ఎలా అంటారా? శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊళ్ళవాళ్ళు కొందరు, ఎండల్లో నీళ్ళు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడే రోజుల్లో వెళ్ళి, తమ ఇళ్ళ పునాది రాళ్ళ మధ్య కాసేపు కూర్చుని వస్తారు. ఖాళీ స్థలం చూడటానికి కూడా మనుషులు వెళ్తారు. కానీ మతి సరిగ్గా లేని మనిషికి అది చూపించకండి. అప్పుడు ఆ పెన్సిలు బొమ్మే నయం.

చివరికి, మీ ఉత్తరంలో మొదటిసారి చదివినప్పుడు నేను దాటేసిన వాక్యం దగ్గరికి వస్తాను. నాన్నగారు కువైట్ ఉత్తరాలు కూడా చదివిపెట్టేవారు, జవాబులు రాసేవారు అన్నారు. ఆ ఇల్లు కొన్న డబ్బు వచ్చింది కువైట్ నుంచే. అంటే ఆ తల్లి అక్కడి నుంచి రాయించిన మాటలు ఇక్కడ ఆమె భర్తకీ, పదేళ్ళ పిల్లాడికీ చదివి వినిపించింది మీ నాన్నగారే అయి ఉండొచ్చు. ఎంత పంపుతోందో, ఎందుకు దాస్తోందో ఊళ్ళో అందరికన్నా ముందు ఆయనకే తెలిసి ఉండొచ్చు. ఆ సంతకం ఎందుకు పెట్టారో మీకు చెప్పలేదన్నారు. అన్న మాట కాదనలేక పెట్టారని మీరు అనుకుంటూ వచ్చారు. కాకపోవచ్చు. ఇది నా ఊహే, కాదనేవాళ్ళూ అవుననేవాళ్ళూ ఇప్పుడు ఒక్కరే ఉన్నారు.

అందుకని మొదటి ఫోన్ ఆ యజమానిగారికి కాదు, వాళ్ళ అమ్మగారికి చేయండి. ఇల్లు పడగొడుతున్నారని మీకు చెప్పినవాళ్ళ దగ్గరే నంబరు దొరుకుతుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక చేయండి, ఆ వేళకి తీరిగ్గా ఉంటారు. ఇంటి పేరూ తాతగారి పేరూ ఎత్తొద్దు. "ఉత్తరాలు రాసిపెట్టిన మాస్టారి కూతుర్నండీ" అని మొదలుపెట్టండి. ఆవిడ ఏమంటారో విన్నాక టిక్కెట్ల సంగతి చూద్దురుగాని.